అటక మీది లాప్‌టాప్‌కి ఒక ఉద్యోగం

ఇంజనీరింగ్ చదివిన పిల్లలున్న ఇంట్లో అటక మీదో, బీరువా పైనో ఒక పాత లాప్‌టాప్ ఉండి తీరుతుంది. కీబోర్డులో రెండు మీటలు పనిచేయవు. తెర మూల నల్లబడి ఉంటుంది. పాత సామాన్లవాడికి ఇచ్చేయడానికి మనసొప్పదు, వాడటానికి ఓపిక ఉండదు. ఈ అధ్యాయం ఆ లాప్‌టాప్ గురించే. దాన్ని ఇంటి సర్వర్‌గా మార్చి ఓ మూల పెట్టుకుని, అన్నాలయ్యాక కాసేపు దానితో కుస్తీ పట్టే అలవాటు గురించి.

సర్వర్ అనగానే చల్లటి గదుల్లో వరసగా పేర్చిన నల్లపెట్టెలు ఊహించుకోకండి. ఎప్పుడూ ఆన్‌లో ఉండి, ఇంట్లో మిగతా ఫోన్లూ టీవీలూ అడిగింది అందించే కంప్యూటర్ ఏదైనా సర్వరే. లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో సరదాగా మొదలుపెట్టిన లినక్స్ ఇవాళ ప్రపంచమంతా నడుస్తోందన్న కథ ఇలాంటి పుస్తకాల్లో మీరు చాలాసార్లు చదివే ఉంటారు. ఆ కథ చెప్పి మిమ్మల్ని ఊరించను. సరదాగా మొదలైన పనుల్లో లక్షకొకటి అలా అవుతుంది. మిగతావాటి సంగతి మాట్లాడుకుందాం.

ఈ సరదాలో మనల్ని ముంచేది ఆరంభశూరత్వం. 2013లో డాకర్ అనే సాధనం వచ్చాక, ఒక చిన్న ఫైలు రాసి ఒక ఆజ్ఞ ఇస్తే చాలు, ఏ ప్రోగ్రామైనా నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. సినిమాలకు జెల్లీఫిన్, ఫైళ్ళకు నెక్స్ట్‌క్లౌడ్, లైట్లూ ఫ్యాన్లకు హోమ్ అసిస్టెంట్, ఇవన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఇంకో ప్రోగ్రాం. ఒక్క శనివారంలో అన్నీ పెట్టేయొచ్చు. నెల తిరిగేసరికి వాటిలో సగం ఎందుకు పెట్టామో గుర్తుండదు, మిగతా సగానికి పాస్‌వర్డు గుర్తుండదు.

నా అభిప్రాయం ఒక్కటే. పెట్టినప్పుడు నేర్చుకునేది కొంచెం, దాన్ని ఏడాదిపాటు ఆగకుండా నడిపినప్పుడు నేర్చుకునేది బోలెడు. ఆఫీసులో డేటాబేస్ ఒకరు చూస్తారు, నెట్‌వర్క్ ఇంకొకరు, అర్ధరాత్రి ఫోనెత్తే డ్యూటీ మరొకరిది. పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి కూడా తమ ముక్క తప్ప పక్కవాళ్ళ ముక్క తెలియదు. ఇంట్లో అలా కుదరదు. ప్లగ్గు దగ్గర్నుంచి పాస్‌వర్డు దాకా అన్నీ మీవే. ఏది ఆగినా అడిగేది మిమ్మల్నే. అందుకే తక్కువ పెట్టండి, పెట్టినదాన్ని నిలబెట్టండి. ఇక్కణ్ణుంచి చెప్పేదంతా అది ఎలాగన్నదే.

ముందు వాడేవాళ్ళు, తర్వాత యంత్రం

ఏ ప్రోగ్రాం పెట్టాలని అడగకండి. ఇంట్లో ఎవరికి ఏ ఇబ్బంది ఉందో చూడండి.

గూగుల్ ఫోటోస్‌లో ఉచితంగా ఎన్ని ఫోటోలైనా దాచుకునే వెసులుబాటు 2021 జూన్ 1తో ఆగిపోయింది. అప్పటినుంచి మెయిలూ ఫైళ్ళూ ఫోటోలూ అన్నీ కలిపి 15 జీబీలో సర్దుకోవాలి, లేదా నెలనెలా కట్టాలి. అమ్మ ఫోన్లో స్టోరేజ్ నిండిపోయిందన్న గోల వినని ఇల్లుందా? ఆ గోలలోంచే 2022లో ఇమ్మిచ్ అనే ప్రోగ్రాం పుట్టింది. అలెక్స్ ట్రాన్ అనే ప్రోగ్రామర్‌కి అప్పుడే బిడ్డ పుట్టింది. ఫోటోలు పేరుకుపోతున్నాయి, వాటిని దాచడానికి డబ్బు కట్టడం భార్యకు ఇష్టం లేదు. ఎప్పుడూ ఏదో ఒకటి తయారుచేస్తానంటావుగా, ఇదే చెయ్యరాదా అని ఆవిడ అడిగింది. ఆయన చేశాడు. ఇవాళ ఇంటి సర్వర్లున్నవాళ్ళలో చాలామంది ఫోటోలకు దాన్నే వాడుతున్నారు. ఆ ప్రోగ్రాం బతికి బట్టకట్టడానికి రకరకాల కారణాలుండొచ్చు. బాగాలేకపోతే బాగాలేదని అదే ఇంట్లోంచి చెప్పే మనిషి మొదటిరోజు నుంచీ ఉండటం వాటిలో పెద్దదని నేననుకుంటాను.

మీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. నాన్నగారు స్కాన్ చేయించుకున్న పొలం కాగితాలు వెతుక్కోలేకపోతున్నారా? అమ్మమ్మ పాడిన పాటలు క్యాసెట్లోంచి ఎక్కించి అలాగే వదిలేశారా? అక్కడ మొదలుపెట్టండి. పక్కింటి కుర్రాడు పెట్టాడని ముప్ఫై రకాల మీటర్లు కదిలే డ్యాష్‌బోర్డు పెడితే చూసేది మీరొక్కరే. పదిరోజులకి మీరూ చూడరు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువమంది ముందు పట్టుకునేది పై హోల్. ఇంట్లో అన్ని ఫోన్లకీ ఒకేచోట ప్రకటనలు ఆపే ప్రోగ్రాం అది. మంచిదే. కానీ యూట్యూబ్ ప్రకటనలు దానితో ఆగవు, ముందే చెబుతున్నాను. ఇంకో చిక్కుంది. సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే పని ఇల్లంతటికీ అదే చేస్తుంది కాబట్టి, అది ఆగితే ఇంట్లో నెట్ మొత్తం ఆగినట్టే. మీరు ఆఫీసులో ఉండగా పెదనాన్నగారి క్రికెట్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో ఆగిపోయిందనుకోండి, ఈ సరదాకి ఇంట్లో ఇక మద్దతు దొరకదు. మొదటి ప్రాజెక్టుగా దాన్ని ఎంచుకోకండి.

యంత్రం

కొత్తది కొనక్కర్లేదు. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై 35 డాలర్లకు అమ్మకానికి వచ్చినప్పుడు అరచేతిలో పట్టే ఆ బోర్డు ఎంతోమందికి ఈ సరదా అంటించింది. ఇప్పుడు బోర్డు, డబ్బా, ఛార్జరు, కార్డు అన్నీ కలుపుకుంటే అది అంత చవకేమీ కాదు. పైగా మెమరీ కార్డు మీద రాత్రింబవళ్ళు రాస్తూ ఉంటే, మధ్యమధ్య కరెంటు పోతూ ఉంటే, ఆ కార్డు ఎక్కువకాలం మన్నదు. అటక మీది లాప్‌టాప్ నయం. దానికి బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా పనిచేస్తూనే ఉంటుంది.

బ్యాటరీ సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. లాప్‌టాప్‌ని చదునైన బల్ల మీద పెట్టండి. నాలుగు మూలలూ ఆనకుండా కదులుతోందా? టచ్‌ప్యాడ్ పైకి ఉబికిందా? మీట నొక్కితే బిగుసుకుపోయినట్టుందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బింది. దాన్ని ఛార్జింగ్‌లో పెట్టొద్దు, మీరే స్క్రూడ్రైవర్‌తో పొడిచి తీయొద్దు, రిపేరు షాపులో తీయించండి. బ్యాటరీ బాగుంటే, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం చాలా మోడళ్ళలో ఉంటుంది, అది పెట్టుకోండి. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే యంత్రానికి అది అవసరం.

తర్వాత డెబియన్ ఎక్కించండి. 1993 నుంచీ నడుస్తున్న లినక్స్ అది, సర్వర్లకు నమ్మకస్తురాలు. రంగురంగుల డెస్క్‌టాప్ అక్కర్లేదని ఎక్కించేటప్పుడే చెప్పేయండి. మూత వేస్తే నిద్రపోయే అలవాటు లాప్‌టాప్‌ది. మూతను పట్టించుకోవద్దని సెట్టింగుల ఫైల్లో ఒక్క వరుస మార్చాలి. అది మర్చిపోయి, మూత వేసిన ప్రతిసారీ సర్వర్ ఎందుకు పోతోందో తెలియక జుట్టు పీక్కునేవాళ్ళు ఎందరో. వైఫై వదిలేసి రౌటర్ నుంచి వైరు లాగండి. రౌటర్ పేజీలోకి వెళ్ళి, ఈ యంత్రానికి ఎప్పుడూ ఒకే అడ్రసు ఇవ్వమని, ఉదాహరణకు 192.168.1.50 అని, కట్టేయండి. రౌటర్‌ని ఇన్వర్టర్ లైనున్న ప్లగ్గులో పెట్టండి. అది ఆరిపోతే సర్వర్ వెలిగి లాభం లేదు.

కరెంటు లెక్క కూడా తప్పదు. తెర ఆపేసి ఖాళీగా కూర్చున్న లాప్‌టాప్ 10, 15 వాట్లు లాగుతుంది. 12 అనుకుంటే, నెలంతా ఆపకుండా నడిపినా దాదాపు 9 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ అయితే 60 వాట్లు తేలిగ్గా లాగేస్తుంది, అంటే నెలకు 43 యూనిట్లు. తెలంగాణలో 2024లో వచ్చిన గృహజ్యోతి పథకం కింద ఉన్న ఇల్లయితే ఈ తేడా చాలా పెద్దది. 200 యూనిట్ల లోపు బిల్లు సున్నా, దాటితే మొత్తం కట్టాలి. 170 దగ్గర తిరిగే ఇంట్లో ఈ డెస్క్‌టాప్ పెడితే సున్నా బిల్లు కాస్తా పోతుంది. పథకం లేనివాళ్ళకు కూడా పై స్లాబులోకి వెళితే రేటు పెరుగుతుంది. ఇరవై ముప్ఫై వేలు పోసి, ఆఫీసులు తీసిపారేసిన పెద్ద సర్వర్లు కొనుక్కొచ్చేవాళ్ళని చూస్తుంటాను. వాటి ఫ్యాన్ల హోరుకి పక్కగదిలో కూడా నిద్రపట్టదు. మనకవి వద్దు.

ఇంట గెలిచి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సర్వర్ విషయంలో అది అక్షరాలా నిజం. మొదటి కొన్ని నెలలు మీ సర్వర్ మీ ఇంటి వైఫైకి మాత్రమే తెలియాలి.

బయటికి తలుపు తీస్తే ఏమవుతుందో 2016లో లోకం చూసింది. మిరాయ్ అనే ప్రోగ్రాం ఇళ్ళల్లోని కెమెరాలనూ రౌటర్లనూ వెతికి పట్టుకుంది. దాని దగ్గరున్నది గొప్ప మంత్రమేమీ కాదు. కంపెనీలు పెట్టి పంపిన పాస్‌వర్డులు, సుమారు 60 జతల జాబితా, అంతే. మార్చనివాళ్ళ ఇళ్ళెన్నో దాని సైన్యంలో చేరిపోయాయి. ఆ అక్టోబరులో ఆ సైన్యంతో, సైట్ల పేర్లను అడ్రసులుగా మార్చే డైన్ అనే సంస్థ మీద దాడి జరిగి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలపాటు చాలామందికి అందకుండా పోయాయి. ఆ ప్రోగ్రాం రాసింది ఏ దేశపు సైన్యమో కాదు, కుర్రాళ్ళు. తర్వాత అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కాబట్టి రౌటర్ అట్టపెట్టె మీద అచ్చేసిన పాస్‌వర్డు ముందు మార్చండి, సర్వర్‌లో ప్రోగ్రాములు తర్వాత.

ఊరెళ్ళినప్పుడు ఫోటోలు చూడాలంటే? రౌటర్లో తలుపులు, అంటే పోర్టులు, తెరవాలని వీడియోల్లో చెబుతారు. మన దగ్గర అది తరచూ పనిచేయదు కూడా. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే బయటి అడ్రసును వందల ఇళ్ళకు పంచుతాయి. మీ రౌటర్ పేజీలో బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ ఆ పంపకమే. ఎన్ని తలుపులు తీసినా లోపలికి దారి ఉండదు, రాత్రంతా కూర్చుని మీ సెట్టింగులను తిట్టుకోకండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఆధారంగా నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది ఫోన్లోనూ సర్వర్‌లోనూ పెట్టుకోండి. రెండూ తమలో తాము సొరంగం తవ్వుకుంటాయి, రౌటర్లో ఏమీ తెరవక్కర్లేదు. వైర్‌గార్డ్ 2020లో లినక్స్‌లోకే కలిసిపోయింది, కాబట్టి ఏదో కుర్రచేష్ట అని అనుమానించక్కర్లేదు. వేరే ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోటోలు చూపించాలన్నా ఇదే దారి.

మెయిల్ సర్వర్ మాత్రం ఇంట్లో పెట్టకండి. ఇళ్ళ అడ్రసుల నుంచి వచ్చే మెయిలును పెద్ద కంపెనీలు చెత్తబుట్టలో వేస్తాయి, మీ ఉద్యోగం దరఖాస్తు కూడా అందులోకే పోతుంది. సరదాకి హద్దుండాలి.

పని వేరు, ఆట వేరు

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళు ఆధారపడ్డ యంత్రం మీద ప్రయోగాలు చేయకండి.

ఫోటోలున్న సర్వర్ పని. కొత్త ప్రోగ్రాం ఎలా ఉందో చూడటం, సొంతంగా రాసిన కోడు నడపడం, అర్ధరాత్రి ఏదో చదివి కెర్నల్ మార్చాలనిపించడం ఆట. ఆటకు ఇంకో పాత యంత్రం పెట్టుకోండి. లేకపోతే మీరు రోజూ వాడే కంప్యూటర్లోనే ఒక వర్చువల్ మెషీన్ తెరవండి. అది పాడైతే చెరిపేసి మళ్ళీ మొదలెట్టొచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. పని యంత్రానికి అప్‌డేట్లు నెలకోసారి, పగటిపూట, మీరు ఆ తర్వాత రెండు గంటలు ఇంట్లో ఉండే రోజున. సంక్రాంతికి ఊరెళ్ళే ముందురోజు వద్దు. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ముందురాత్రి అసలే వద్దు.

ఆట యంత్రానికి వేళాపాళా ఉండాలా అని అడిగేవాళ్ళున్నారు. ఉండాలి. చిక్కుముడి విడుతుందన్న గంపెడాశతో కూర్చుంటే తెల్లవారిపోతుంది. నిద్రమత్తులో ఇచ్చే ఆజ్ఞలు ప్రమాదకరం కూడా. ఎక్కడ ఆగారో ఒక వాక్యం రాసి పడుకోండి. స్నానం చేస్తుంటే జవాబు తడుతుంది, ఇది చాలామంది ప్రోగ్రామర్ల అనుభవం.

నకళ్ళు

ఫోటోలు మీ సర్వర్‌లోకి వచ్చిన రోజు నుంచీ వాటి పూచీ మీది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: మూడు నకళ్ళు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే చోట. సర్వర్‌లో ఒకటి, బీరువాలో పెట్టే బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, విజయవాడలో చెల్లెలి ఇంట్లో ఇంకొకటి. పండక్కి వెళ్ళినప్పుడల్లా చెల్లెలి డిస్కు మార్చుకురండి. రెండు డిస్కుల మీద ఒకేసారి రాసే రెయిడ్ ఉంది కదా అంటారేమో. ఒక డిస్కు చచ్చిపోతే అది కాపాడుతుంది. మీరే పొరపాటున చెరిపేస్తే రెండింటిలోనూ ఒకే క్షణంలో చెరిగిపోతుంది.

టాయ్ స్టోరీ 2 సినిమా తీస్తున్నప్పుడు, 1998లో, పిక్సార్ స్టూడియోలో ఎవరో ఇచ్చిన ఒక తప్పుడు ఆజ్ఞకు సినిమా ఫైళ్ళు కళ్ళముందే మాయమవడం మొదలైంది. యంత్రాలు ఆపేసేసరికే చాలావరకు పోయింది. బ్యాకప్ ఉందిగా అని ధీమాగా తీసి చూస్తే, అది కొంతకాలంగా సరిగ్గా జరగడమే లేదని తేలింది. చేతులు కాలాయి, ఆకులు కూడా దొరకలేదు. అప్పుడు గాలిన్ సుస్మన్‌కి గుర్తొచ్చింది. ఆవిడ ఆ సినిమాకి సాంకేతిక పర్యవేక్షకురాలు. పసిబిడ్డతో ఇంటినుంచి పనిచేస్తున్నందువల్ల ఇంటి కంప్యూటర్లో సినిమా నకలు ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, మెల్లగా నడుపుకుంటూ స్టూడియోకి తెచ్చారు. సినిమా దక్కింది. ఆ తర్వాత కథ నచ్చక చాలావరకు మళ్ళీ తీశారన్నది వేరే సంగతి.

పిక్సార్‌లో బ్యాకప్ పేరుకు ఉంది. దాన్ని వెనక్కి తెచ్చి చూసినవాళ్ళు లేరు. మీరు మూణ్ణెల్లకోసారి బీరువాలోని డిస్కు తీసి, సర్వర్‌కి కాకుండా వేరే కంప్యూటర్‌కి తగిలించి, పోయిన ఉగాది ఫోటో ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటే బ్యాకప్ ఉన్నట్టు. తేదీ రాసి పెట్టుకోండి.

రాయడమంటే కాగితం మీదే. ఆగిపోయిన సర్వర్‌లో ఉన్న నోట్సు ఎవరికీ పనికిరాదు. వంద పేజీల నోటుబుక్కు ఒకటి కొని యంత్రం పక్కనే పెట్టండి. ఏ వైరు ఎక్కడికి వెళుతుంది, అడ్రసు ఎంత, ఏ రోజు ఏం మార్చారు, ఎందుకు మార్చారు. ఆరు నెలల తర్వాత ఆ 'ఎందుకు' చాలా ఉపయోగపడుతుంది. మొదటి పేజీ మాత్రం మీకోసం కాదు, మీరు లేనప్పుడు ఇంట్లో ఉండేవాళ్ళ కోసం. ఇలా ఉండొచ్చు:

"అమ్మా, ఫోటోలు కనబడకపోతే ముందు టీవీ పక్కనున్న రౌటర్ చూడు. ఎర్ర లైటు ఉంటే నెట్ పోయింది, కేబుల్ అబ్బాయి నంబరు కింద రాశాను. నెట్ లేకపోయినా మన ఇంట్లో ఫోటోలు కనబడాలి. కనబడకపోతే బీరువా పక్కనున్న నల్ల లాప్‌టాప్ వైరు ఊడిందేమో చూడు. ఊడకపోతే పవర్ బటన్ ఒక్కసారి నొక్కి వదిలెయ్యి, పట్టుకుని ఉంచకు. లైట్లన్నీ ఆరాక మళ్ళీ ఒకసారి నొక్కు. అప్పటికీ రాకపోతే వదిలెయ్యి. ఫోటోలు ఎక్కడికీ పోలేదు. నేనొచ్చి చూస్తాను."

బటన్ ఒక్కసారి నొక్కితే యంత్రం అన్నీ సర్దుకుని ఆగుతుంది, పట్టుకుని ఉంచితే ఉన్నపళంగా చచ్చిపోతుంది. ఆ ఒక్క వాక్యం రాయడానికి సర్వర్ ఎలా ఆగుతుందో మీకు తెలిసుండాలి. అమ్మకు అర్థమయ్యేలా రాయగలిగారంటే మీకు అర్థమైనట్టే.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

అందరూ అడిగేది ఇదే. సర్వర్ ఉందని చెబితే రాదు. యూట్యూబ్ చూసి ఎవరైనా పెట్టగలరని ఇంటర్వ్యూ చేసేవాళ్ళకీ తెలుసు. ఒకరోజు ఏది ఆగిందో, లాగ్ ఫైల్లో ఏం కనబడిందో, ముందు ఏమనుకున్నారో, అసలు కారణం ఏమిటో వరసగా చెప్పగలిగితే వాళ్ళు కుర్చీలో ముందుకు జరుగుతారు. ఆ కథలు మీ నోటుబుక్కులో ఉంటాయి.

ఉద్యోగం సంగతి పక్కన పెడితే, తెలుగువాళ్ళు సొంత తీరికలో చేసిన పనులు మనం రోజూ వాడుకున్నవే. ఫోన్లలో తెలుగు కీబోర్డులు రాని రోజుల్లో వీవెన్ తయారుచేసిన లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాసినవాళ్ళు వేలమంది. పాత నిఘంటువులెన్నిటినో ఒక్కచోట వెతికే ఆంధ్రభారతి వెనక వాడపల్లి శేషతల్పశాయి, కాలెపు నాగభూషణరావు గార్ల ఏళ్ళ తరబడి శ్రమ ఉంది. ఇవి పెట్టిన రోజు వచ్చిన చప్పట్ల వల్ల నిలబడలేదు. తర్వాత ఎవరో ఒకరు వాటిని చూసుకుంటూ ఉన్నారు కాబట్టి నిలబడ్డాయి.

ఈ శనివారం లాప్‌టాప్ దించండి, బ్యాటరీ చూడండి, డెబియన్ ఎక్కించండి. అంతకంటే ఎక్కువ చేయకండి. వచ్చే శనివారం ఒక్క ప్రోగ్రాం, ఇంట్లో ఒక్కరి కోసం. మూడు నెలలు నడిపాక ఓ సోమవారం ఎవరికీ చెప్పకుండా దాన్ని ఆపి చూడండి. సాయంత్రానికి ఫోన్ వస్తే వెంటనే ఆన్ చేసి, రెండో ప్రోగ్రాం గురించి ఆలోచించండి. వారమైనా ఎవరూ అడగకపోతే దాన్ని తీసేయండి, డిస్కులో ఆ చోటు ఇంకోదానికి పనికొస్తుంది.